ఫ్లై టైయింగ్ వైస్‌కు కదలని దిమ్మ: ఇనుప ప్లేటుతో మొదటి నుంచి చివరి దాకా

కొర్రమీను కోసం ఫోమ్‌తో కప్ప ఫ్లై కడుతున్నాను. మందపాటి దారంతో రెండో చుట్టు బిగించేసరికి వైస్ మొత్తం నా వైపు ఒరిగింది. ఎడమ చేత్తో పట్టుకోబోతే దారం వదులైపోయి, ఫోమ్ ముక్క కొక్కెం చుట్టూ గిర్రున తిరిగింది. అరగంట పని పోయింది. ఆ రోజే అనుకున్నాను, ఇంకో వైస్ కొనే ముందు దాని కింద దిమ్మ సంగతి చూడాలని.

ఈ పనిలో కొత్తగా దిగినవాళ్లకు రెండు మాటలు. ఫ్లై అంటే కొక్కేనికి దారం, ఈకలు, వెంట్రుకలు, ఫోమ్ కట్టి పురుగులాగా, చిన్న చేపలాగా తయారుచేసే ఎర. కట్టేటప్పుడు కొక్కేన్ని దవడల మధ్య పట్టుకుని ఉంచేదే వైస్. ఆ వైస్ నిలబడడానికి రెండు దారులున్నాయి, బల్ల అంచుకు బిగించే సి-క్లాంప్ ఒకటి, బల్ల మీద ఊరికే పెట్టే బరువైన దిమ్మ ఇంకొకటి. మారతహళ్లిలో మేం ఉండే అద్దె ఇంట్లో డైనింగ్ టేబులుకు అద్దం పలక, వంటింట్లో గోడకు అతుక్కున్న గ్రానైట్ గట్టు. సి-క్లాంప్ ఆ గట్టు అంచుకు పట్టదు, అద్దానికి బిగించే ధైర్యం నాకు లేదు. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో చాలామందిది ఇదే పరిస్థితి కాబట్టి దిమ్మే దారి.

బరువు ఒక్కటే చాలదు

ఇంట్లో కత్తిపీట ఉంటే ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గుమ్మడికాయ కోసేటప్పుడు అంత జోరుగా నొక్కినా పీట లేవదు, ఎందుకంటే మనిషి కాలు పీట మీద ఉంటుంది, ఆ బరువు పీట పొడవునా పరుచుకుని ఉంటుంది. వైస్ దిమ్మకు కూడా ఈ రెండూ కావాలి, బరువు, ఆ బరువు పరుచుకునే చోటు.

లెక్క చాలా సులువు. దవడలు బల్ల మీద నుంచి 22 సెం.మీ. ఎత్తులో ఉన్నాయనుకోండి. మీరు దారాన్ని మీ వైపు అడ్డంగా లాగితే దిమ్మ ముందు అంచు మీద తిరగబడాలని చూస్తుంది. దిమ్మ బరువును దాని మధ్య నుంచి ముందు అంచు దాకా ఉన్న దూరంతో గుణించి ఎత్తుతో భాగిస్తే, ఎంత లాగుడుకు లేస్తుందో తెలుస్తుంది. 150 x 150 మి.మీ. ప్లేటు, 16 మి.మీ. మందం అయితే బరువు 2.8 కిలోలు, మధ్య నుంచి అంచుకు 7.5 సెం.మీ., అంటే దాదాపు 950 గ్రాముల లాగుడుకే లేస్తుంది. సన్న దారంతో చిన్న కొక్కేల మీద పనికి ఇది ధారాళంగా సరిపోతుంది కానీ ఫోమ్‌కూ మేక వెంట్రుకల గుత్తికీ వాడే మందపాటి దారంతో కిలో లాగుడు మనకు తెలియకుండానే వచ్చేస్తుంది. అదే మందం ప్లేటును 200 x 150 చేసి పొడవు మీ నుంచి అవతలికి సాగేలా పెట్టారంటే బరువు 3.77 కిలోలు, అంచుకు దూరం 10 సెం.మీ., లేవాలంటే 1.7 కిలోలు లాగాలి. అంటే ఒక కిలో ఇనుము కలిపితే బలం దాదాపు రెట్టింపయింది, అందులో కొంత బరువు వల్ల, కొంత పొడవు వల్ల.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. కుడిచేతి వాటం వాళ్లకు దవడలు నిలువు కడ్డీ నుంచి కుడి వైపుకు 8, 10 సెం.మీ. బయటికి ఉంటాయి. కడ్డీని ప్లేటు మధ్యలో పెట్టారంటే దవడల కొస ప్లేటు అంచు దాటి గాల్లోకి పోతుంది, అప్పుడు దారాన్ని నేరుగా కిందికి లాగినా దిమ్మ కుడివైపు తిరగబడాలని చూస్తుంది. కడ్డీని ఎడమ అంచు దగ్గర పెడితే దవడల కొస ప్లేటు మీదే నిలుస్తుంది, కిందికి ఎంత లాగినా ఆ లాగుడు దిమ్మను బల్లకే అదుముతుంది. ఎడమచేతి వాటం వాళ్లు దీన్ని అద్దంలో చూసినట్టు తిప్పుకోండి.

కొలతలు ముందు, ఇనుము తర్వాత

మీ వైస్ నిలువు కడ్డీ మందాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. ఎక్కువ వైస్‌లకు 3/8 అంగుళం, అంటే 9.5 మి.మీ. ఉంటుంది, కానీ 10 మి.మీ. కడ్డీతో వచ్చేవీ ఉన్నాయి కాబట్టి కడ్డీ పొడవునా మూడు చోట్ల కొలిచి రాసుకోండి. కడ్డీ మధ్య నుంచి దవడల కొస దాకా అడ్డ దూరం కూడా కొలవండి, నాది 90 మి.మీ. సి-క్లాంప్‌తో వచ్చిన వైస్ అయితే కడ్డీ పొడవుగా ఉంటుంది, దిమ్మలో పెడితే దవడలు మీ గడ్డం దగ్గరికి వస్తాయి. అలాగని కొయ్యడానికి తొందరపడకండి, దిమ్మ అంతా అయిపోయాక మీ కుర్చీలో కూర్చుని చూసి అప్పుడు కొయ్యండి.

పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుప ప్లేట్లు కోసి అమ్మే చోట్ల మిగిలిపోయిన ముక్కలు కిలో లెక్కన ఇస్తారు. ఎమ్మెస్ (మైల్డ్ స్టీలు, అంటే మామూలు ఉక్కు) ప్లేటు 16 మి.మీ. మందం, 200 x 150 కావాలని అడగండి. 16 లేకపోతే 20 తీసుకోండి, 4.7 కిలోలవుతుంది, మంచిదే. బ్యాండ్‌సా మీద కోసిన ముక్క ఉంటే అదే తీసుకోండి. గ్యాస్ కటింగ్ అంచులు గరుకుగా, కాలిన గట్టి పొరతో ఉంటాయి, వాటిని ఆకురాయితో సాఫు చేసేసరికి చేతులు పడిపోతాయి. ముక్క కొనే ముందు అక్కడే ఒక చదునైన చోట పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కి చూడండి, టకటకలాడితే వంకర ఉన్నట్టు, ఇంకో ముక్క అడగండి.

దాంతోపాటు 30 మి.మీ. వ్యాసం ఉన్న ఎమ్మెస్ రౌండ్ రాడ్డు, 50 మి.మీ. పొడవు ముక్క ఒకటి కావాలి. మరలు, ట్యాపులు (రంధ్రంలో మర గాడి కోసే పనిముట్లు), డ్రిల్ బిట్లు కె.ఆర్. మార్కెట్ పక్కన ఎస్పీ రోడ్డులో దొరుకుతాయి. తలకాయ ప్లేటులోకి దిగిపోయే రకం ఎం8 (8 మి.మీ. వ్యాసం) అలెన్ మర, 25 మి.మీ. పొడవు (ప్లేటు 20 అయితే 30), ఒకటి. ఎం6 మరలు రెండు, చేత్తో తిప్పే తలకాయతో అయితే మేలు. థ్రెడ్‌లాకర్, అంటే మర వదులవకుండా పట్టి ఉంచే జిగురు, చిన్న సీసా. 3 మి.మీ. రబ్బరు షీటు, ప్లేటు కంటే కొంచెం పెద్దది.

వెల్డింగు ఎందుకు వద్దంటున్నానంటే

నా మొదటి దిమ్మ 6 మి.మీ. ప్లేటు మీద కడ్డీని నేరుగా వెల్డింగు చేయించిందే. ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులో పది నిమిషాల్లో అయిపోయింది. ఇంటికి తెచ్చి గట్టు మీద పెడితే ఒక మూల లేచి ఉంది, ఒక వైపే వేసిన వేడికి పల్చటి ప్లేటు వంగిపోయింది. కడ్డీ కూడా ఒక పక్కకు వాలింది. ఒక డిగ్రీ వాలితే 22 సెం.మీ. ఎత్తులో దాదాపు 4 మి.మీ. పక్కకు పోతుంది. మరతో బిగించిన దిమ్మలో అయితే వంకర ఉన్నా విప్పి సరిచేసుకోవచ్చు. వెల్డింగులో ఆ వీలు లేదు.

లేత్ మీద గుబ్బ

కడ్డీని పట్టుకునే ఈ చిన్న ముక్కను నేను గుబ్బ అంటాను. దిమ్మ మంచిదా కాదా అన్నది ఎక్కువగా దీని మీదే ఆధారపడి ఉంటుంది, కాబట్టి ఇక్కడ డబ్బులు మిగుల్చుకోవాలని చూడకండి. లేత్ షాపుకు వైస్ కడ్డీని కూడా తీసుకెళ్లండి. కొలత కాగితం చూసి చేసేదానికి, కడ్డీ చేతిలో పెట్టుకుని చేసేదానికి తేడా ఉంటుంది. నేను వెళ్లిన చోట మేస్త్రి కన్నడం, నాది తెలుగు, మధ్యలో సగం సగం మాటలు, కానీ కడ్డీ చేతికివ్వగానే ఇంకేం చెప్పాల్సిన పని పడలేదు.

గుబ్బ ఎత్తు 45 మి.మీ. పైనుంచి 32 మి.మీ. లోతు దాకా 9.6 మి.మీ. రంధ్రం, అంటే కడ్డీ కంటే 0.1 ఎక్కువ. మీ కడ్డీ 10 అయితే 10.1. ఆ కింద మిగిలిన 13 మి.మీ.లో 6.8 బిట్‌తో అడుగు దాకా రంధ్రం వేసి, అడుగు నుంచి ఎం8 ట్యాపు కొట్టాలి. అప్పుడు పెద్ద రంధ్రం అడుగున ఒక మెట్టు మిగులుతుంది, కడ్డీ ఆ మెట్టు మీద కూర్చుంటుంది. ప్లేటు కింది నుంచి వచ్చే ఎం8 మర తొమ్మిదిన్నర మి.మీ. మాత్రమే లోపలికి వస్తుంది కాబట్టి కడ్డీకి తగలదు. అడుగు ముఖం రంధ్రానికి కచ్చితంగా నిటారుగా ఉండాలని రెండుసార్లు చెప్పండి.

పక్క నుంచి ఎం6 మరలకు రెండు రంధ్రాలు, పై అంచు నుంచి 10 మి.మీ. దగ్గర ఒకటి, 22 దగ్గర ఇంకొకటి, రెండూ ఒకే వరసలో. 5 మి.మీ. బిట్, తర్వాత ఎం6 ట్యాపు. ఒక్క మరతో బిగిస్తే కడ్డీ ఆ ఒక్క చోటనే ఆనుకుని కొద్దిగా ఊగుతుంది. రెండు మరలు ఒకే వరసలో ఉంటే కడ్డీ రంధ్రం అవతలి గోడకు పొడవునా అదిమి ఉంటుంది, ఆ ఊగుడు పోతుంది. మర కొసలు కడ్డీ మీద గీతలు పెట్టకుండా ఒక్కో రంధ్రంలో ముందు చిన్న ఇత్తడి ముక్క వేసి ఆ తర్వాత మర తిప్పండి. మామూలు ఇత్తడి వైరు ముక్క చాలు.

ఇంటికి తెచ్చాక మొదటి పని, గుబ్బలో కడ్డీ పెట్టి బిగించి, దాన్ని అద్దం మీద నిలబెట్టి, వడ్రంగి మూలమట్టం ఆనించి రెండు పక్కల నుంచి చూడండి. కడ్డీకీ మట్టానికీ మధ్య వెలుతురు గీత కింద నుంచి పైదాకా ఒకే మందంగా ఉండాలి. నాది మొదటిసారి పైన కొంచెం వెడల్పుగా కనిపించింది. తిరిగి తీసుకెళ్తే మేస్త్రి అడుగు ముఖాన్ని వెంట్రుకవాసి తీశాడు, సరిపోయింది.

ప్లేటుకు రంధ్రం

ప్లేటును 150 మి.మీ. అంచు మీ వైపు వచ్చేలా, పొడవు మీ నుంచి అవతలికి సాగేలా పెట్టుకోండి. ఎడమ అంచు నుంచి 35 మి.మీ., మీకు దగ్గరి అంచు నుంచి 110 మి.మీ. కొలిచి గీతలు గీసి, అవి కలిసే చోట సెంటర్ పంచ్‌తో ఒక్క దెబ్బ గట్టిగా కొట్టండి. నా వైస్ ప్రకారం దవడల కొస ఎడమ అంచు నుంచి 125 దగ్గరికి వస్తుంది, కుడి అంచుకు ఇంకా 25 మిగులుతుంది. మీ అడ్డ దూరం 90 కంటే ఎక్కువ ఉంటే కడ్డీని ఇంకొంచెం ఎడమకు జరపండి, కానీ గుబ్బ అంచు ప్లేటు అంచుకు మరీ దగ్గరైపోకుండా చూసుకోండి.

16 మి.మీ. ఇనుమును చేతి డ్రిల్లుతో తొలవడం కుదరని పని కాదు గానీ, లేత్ షాపులో నిలువు డ్రిల్లింగ్ మిషన్ ఎలాగూ ఉంటుంది, అక్కడే చేయించడం మంచిది, రంధ్రం నిటారుగా వస్తుంది. సొంతంగా చేస్తుంటే ప్లేటును బల్లకు బిగించకుండా మొదలుపెట్టవద్దు, బిట్ అవతలికి దిగే క్షణంలో పట్టుకుని ప్లేటును గిర్రున తిప్పేస్తుంది, నాలుగు కిలోల ఇనుము వేళ్లకు తగిలితే ఏమవుతుందో ఆలోచించండి. కళ్లద్దాలు పెట్టుకోండి, చేతి తొడుగులు మాత్రం వద్దు, తిరిగే బిట్ వాటిని చుట్టేసుకుంటుంది. ముందు 5 మి.మీ. బిట్, తర్వాత 9. నెమ్మది వేగం, నూనె చుక్కలు వేస్తూ. బిట్ మీంచి ఇనుము పొడిగా కాకుండా పొడవాటి చుట్టలుగా వస్తుంటే వేగం, నొక్కుడు రెండూ సరిగ్గా ఉన్నట్టే.

తర్వాత ప్లేటు తిరగేసి, కింది వైపు 90 డిగ్రీల కౌంటర్‌సింక్‌తో మర తలకాయ పట్టేంత గుంట చేయండి. మర పెట్టి చూస్తూ, తలకాయ ప్లేటు కంటే అర మి.మీ. లోపలికి దిగే దాకా. తలకాయ బయటికి ఉంటే దిమ్మ దాని మీద బొంగరంలా తిరుగుతుంది.

అంచులు, చదును, రంగు

పై అంచులను ఆకురాయితో రెండు మి.మీ. వాలుగా తీయండి. గంటల తరబడి మణికట్టు ఆ అంచు మీదే ఆనుతుంది, ఇనుప అంచు ఎంత పదునుగా ఉంటుందో గంట తర్వాతే తెలుస్తుంది. నేను ముందు వైపు అంచును ఆకురాయి తర్వాత 120 ఎమిరీ పేపరుతో కూడా రుద్ది బాగా గుండ్రం చేశాను.

కింది వైపు చదును చూడ్డానికి ప్లేటును అద్దం మీద పెట్టి, పల్చటి కాగితం చీలిక నాలుగు మూలల కిందా దూర్చి చూడండి. ఒక మూలలో మాత్రమే దూరుతుంటే 3 మి.మీ. రబ్బరు ఆ తేడాను మింగేస్తుంది. కాగితం మడత పెట్టినా దూరుతుంటే పీణ్యాలో సర్ఫేస్ గ్రైండింగ్ చేసే చోట ఇవ్వండి, చేత్తో అయ్యే పని కాదది.

కొత్త ప్లేటు మీద నీలి నలుపు పొర ఉంటుంది. దాని మీదే రంగు వేస్తే కొన్నాళ్లకు పొరతో సహా పెచ్చులుగా ఊడుతుంది, కాబట్టి గ్రైండరుకు ఫ్లాప్ డిస్కు పెట్టి తెల్లగా మెరిసే దాకా తీసేయండి. థిన్నర్ గుడ్డతో జిడ్డు తుడిచి, వెంటనే రెడాక్సైడ్ ప్రైమరు, ఒక రాత్రి ఆరాక మెరుపు లేని లేత బూడిద రంగు రెండు పూతలు. మెరిసే నలుపు వద్దు, టేబుల్ ల్యాంపు వెలుగు దాని మీంచి కంట్లో కొడుతుంది, పైగా కింద పడ్డ చిన్న నల్ల కొక్కెం దాని మీద అసలు కనబడదు. గుబ్బ ఆనే చోట, గుబ్బ రంధ్రంలో రంగు పడకుండా టేపు వేయండి.

బిగించడం, అడుగు రబ్బరు

మర చుట్లకు రెండు చుక్కల థ్రెడ్‌లాకర్ వేసి, గుబ్బ పక్క మరలు మీకు అవతలి వైపు వచ్చేలా తిప్పి పెట్టి, కింది నుంచి అలెన్ కీతో గట్టిగా బిగించండి. ఆ పక్క మరలు మీ వైపు ఉంటే దారం ప్రతిసారీ వాటికి చిక్కుకుంటుంది. ఒక రోజు అలా వదిలేయండి.

అడుగుకు రబ్బరు షీటును ప్లేటు అంచుల దాకా పూర్తిగా అంటించండి. బజార్లో దొరికే నాలుగు గుండ్రటి రబ్బరు కాళ్లు చూడ్డానికి బాగుంటాయి, కానీ వాటిని అంచు నుంచి 2 సెం.మీ. లోపలికి అంటించారంటే పై లెక్కలో 10 సెం.మీ. కాస్తా 8 అయిపోయి, 1.7 కిలోలు 1.4 కిందికి పడిపోతుంది. అంత ఇనుము మోసుకొచ్చి దాని ఫలితాన్ని కాళ్ల దగ్గర పోగొట్టుకోవడం బాధగా ఉంటుంది. మూడు కాళ్లు అస్సలు ఊగవు, నిజమే, కానీ ముక్కోణం అంచులు మధ్యకు ఇంకా దగ్గరగా ఉంటాయి కాబట్టి ఈ పనికి అవి పనికిరావు. ఫెల్ట్ గుడ్డ కూడా వద్దు. ఈ కొలతలకు దిమ్మ తిరగబడే ముందు దాని బరువులో దాదాపు సగం లాగుడు పడుతుంది, అంతకు ముందే ఫెల్ట్ జారిపోతుంది. రబ్బరు పట్టుకుని ఉంటుంది.

అంటించడానికి చెప్పులు అతికించే రబ్బరు గమ్ము చాలు. రెండు వైపులా పూసి, పది నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు అదమండి. మిగిలిన అంచు బ్లేడుతో కోసేయండి.

కాటాతో పరీక్ష

సూట్‌కేసులు తూచే చేతి కాటా ఉంటే దాని కొక్కేనికి గట్టి దారం కట్టి, రెండో కొసను వైస్ దవడల దగ్గర ముడివేసి, బల్లకు సమాంతరంగా మీ వైపు నెమ్మదిగా లాగండి. వెనక అంచు లేచే క్షణంలో అంకె చూడండి. వైస్ బరువు కూడా కలుస్తుంది కాబట్టి మన లెక్క కంటే కొంచెం ఎక్కువే రావాలి. నాది 1.9 కిలోలు చూపించింది. మీకు బాగా తక్కువ వస్తే కడ్డీ ఎత్తు చూడండి, దవడలు రెండు సెం.మీ. కిందికి దించినా అంకె పెరుగుతుంది. లేవకుండా జారుతుంటే రబ్బరును తడిగుడ్డతో తుడవండి, దుమ్ము పట్టి ఉంటుంది.

ఇనుము వద్దనుకుంటే

వంటింటి గట్టులో సింకు కోసం కోసేసిన గ్రానైట్ ముక్క ఒకటి ఏ కొత్త అపార్ట్‌మెంట్ పక్కనైనా పడి ఉంటుంది, జిగణి వైపు గ్రానైట్ షాపుల్లోనూ అడిగితే ఇస్తారు. 200 x 200, 20 మి.మీ. మందం ముక్క రెండు కిలోల పైన తూగుతుంది, రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎపాక్సీతో అంటిస్తే నాలుగు దాటుతుంది. తుప్పు భయం లేదు. రంధ్రానికి డైమండ్ కోర్ బిట్ వాడి, నీళ్లు పోస్తూ, హ్యామర్ మోడ్ ఆపేసి తొలవాలి, లేకపోతే పగులుతుంది. గ్రానైట్‌లో గుంట చేయడం కష్టం కాబట్టి మామూలు ఎం8 బోల్టు, పెద్ద వాషరు పెట్టి, తలకాయ నేలకు తగలకుండా అంచుల వెంబడి 10 మి.మీ. మందం రబ్బరు పట్టీలు వేయండి. రెండు ముక్కల మందం 40 అవుతుంది కాబట్టి బోల్టు కూడా 50 మి.మీ. తీసుకోండి. వాషరు మందం పోగా సరిగ్గా ఎనిమిది, తొమ్మిది మి.మీ. గుబ్బలోకి దిగుతుంది.

జిమ్ములో వాడే 5 కిలోల ఇనుప చక్రం కూడా పనికొస్తుంది, కాకపోతే మధ్య రంధ్రానికి తగ్గట్టు గుబ్బ వేరేగా తిప్పించాలి, కడ్డీ మధ్యలోనే ఉండాల్సి వస్తుంది కాబట్టి పెద్ద చక్రమే చూసుకోండి.

సీసం మాత్రం వద్దే వద్దు. బరువెక్కువని, సులువుగా కరుగుతుందని ఇంట్లో పొయ్యి మీద కరిగించే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. ఆ పొగ, ఆ పొడి పిల్లల మెదడుకు విషం. పైగా కొక్కెం, దారం పళ్ల మధ్య పట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది, సీసం ముట్టుకున్న చేతులతో ఆ పని అసలు కుదరదు.

మొదటి నెల పక్క మరలు వారానికోసారి బిగించి చూడండి, ఇత్తడి ముక్కలు కొత్తలో కాస్త అణుగుతాయి. ఆ తర్వాత వాటి జోలికి వెళ్లాల్సిన పని ఉండదు. కప్ప ఫ్లై మళ్లీ మొదలుపెట్టాను, ఇప్పుడు ఎడమ చెయ్యి ఫోమ్‌నే పట్టుకుని ఉంటోంది.